టికెట్ జేబులోనే ఉంది, తలుపు మాత్రం తీయడం లేదు

గుంటూరు బ్రాడీపేటలో ఒక మిర్చి వ్యాపారం ఆఫీసుకి నేను కంప్యూటర్లు చూసిపెడుతుంటాను. పద్దెనిమిది డెస్క్‌టాప్‌లు, వెనక గదిలో ఒక విండోస్ సర్వర్, దాని పక్కన నెట్‌వర్క్ మీద ఫైళ్ళు దాచే ఒక పాత నాస్ పెట్టె. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. ఈ కంప్యూటర్లలో చాలావాటికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు, విండోస్ 11 ఎక్కదు. కొత్తవి కొనే ఖర్చు ఎందుకని ట్యాలీ నడిచే రెండింటిని వదిలేసి మిగతావాటిలో లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు వేశాం. సర్వర్ అదే, యూజర్ పేర్లు అవే, పాస్‌వర్డులు అవే. కాటా చీటీల స్కాన్లు, కోల్డ్ స్టోరేజీ బాండ్లు, బ్యాంకు కాగితాలు అన్నీ సర్వర్ మీది షేర్డ్ ఫోల్డర్లలోనే ఉంటాయి. పొద్దున ఒకసారి లాగిన్ అయితే ఫోల్డర్ నొక్కగానే తెరుచుకోవాలి, మళ్ళీ పాస్‌వర్డ్ అడగకూడదు. సింగిల్ సైన్ ఆన్ అంటే ఇంతే.

చలికాలమంతా బాగానే గడిచింది. ఫిబ్రవరిలో యార్డుకి కొత్త కాయ రావడం ఊపందుకుంది, ఆఫీసు రాత్రి తొమ్మిది దాకా నడవడం మొదలైంది. అప్పటి నుంచి క్యాషియర్ గారి ఫోన్లు. "బాబూ, పొద్దున్నుంచీ బాగానే ఉందయ్యా. సాయంత్రం ఆరున్నర దాటేసరికి పాస్‌వర్డ్ అడుగుతోంది. కొడితే ఒకసారి తీసుకుంటుంది, ఒకసారి తీసుకోదు. బయట లారీ నిలబడి ఉంది." పక్క సీటు కుర్రాడికి అదే సర్వర్, అదే ఫోల్డర్, అదే ఉబుంటు. వాడికి ఏ గొడవా లేదు. ఇద్దరి కంప్యూటర్లూ పక్కపక్కన పెట్టి రెండు రోజులు చూశాను. నాకు కనిపించిన తేడా ఒక్కటే: కుర్రాడు రోజుకి నాలుగుసార్లు స్క్రీన్ లాక్ చేసి టీకి వెళ్తాడు. క్యాషియర్ గారు భోజనం కూడా సీట్లోనే కానిస్తారు.

ఈ తేడాలో ఏముందో తెలియాలంటే ముందు ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందో తెలియాలి.

టిఫిన్ హోటల్ లెక్క

దీని వెనక ఉన్న పద్ధతి పేరు కెర్బరోస్. గ్రీకు పురాణాల్లో యమలోకం వాకిట కాపలా కాసే మూడు తలల కుక్క పేరది. అమెరికాలోని ఎంఐటీలో 1983లో మొదలైన ఎథీనా అనే ప్రాజెక్టులో పుట్టింది. ఇప్పుడు అందరూ వాడే ఐదో వెర్షన్ 1993లో ప్రమాణంగా వచ్చింది, 2005లో దాన్ని సరిదిద్ది మళ్ళీ రాశారు. ఆఫీసు యూజర్లనీ కంప్యూటర్లనీ ఒకచోట నమోదు చేసి ఉంచే యాక్టివ్ డైరెక్టరీని మైక్రోసాఫ్ట్ విండోస్ 2000తో తెచ్చినప్పుడు లాగిన్ల కోసం దీన్నే ఎంచుకుంది. అందుకే ఉబుంటు డెస్క్‌టాప్‌కీ విండోస్ సర్వర్‌కీ మాట కుదురుతోంది. మూడు తలలు ఎవరంటే: మీరు, మీకు కావలసిన సర్వర్, మీ ఇద్దరూ నమ్మే మధ్యవర్తి. ఆఫీసులో ఆ మధ్యవర్తి డొమైన్ కంట్రోలర్. డొమైన్ అంటే దాని పుస్తకంలో పేరున్న యూజర్లూ కంప్యూటర్లూ అన్నమాట.

మనవాళ్ళకి టిఫిన్ హోటల్‌తో చెబితే తొందరగా ఎక్కుతుంది. హోటల్లోకి వెళ్ళగానే క్యాష్ కౌంటర్లో డబ్బు కట్టి రోజంతా చెల్లే కార్డు ఒకటి తీసుకున్నారనుకోండి. ఇక పర్సు తీసే పని లేదు. కౌంటర్లో ఆ కార్డు చూపిస్తే దోసె కావాలంటే దోసె టోకెన్, కాఫీ కావాలంటే కాఫీ టోకెన్ ఇస్తారు. దోసె మాస్టరు మీ పర్సు చూడడు, మీరెవరో వాకబు చేయడు. టోకెన్ మీది ముద్ర అతనికీ క్యాష్ కౌంటర్‌కీ మాత్రమే తెలిసిన ముద్ర. అది సరిపోతే పెనం మీద పిండి పోస్తాడు. పర్సు మీ పాస్‌వర్డ్. రోజు కార్డు లాగిన్ అవగానే వచ్చే టీజీటీ, అంటే మిగతా టికెట్లను తెచ్చిపెట్టే పెద్ద టికెట్. దోసె టోకెన్ ఒక్కో సర్వర్‌కి విడిగా వచ్చే సర్వీస్ టికెట్. ఫైల్ సర్వర్‌కి మీ పాస్‌వర్డ్ ఎప్పుడూ చేరదు, టోకెన్ చేరుతుంది.

కార్డుకి గడువుంటుంది. దోసె టోకెన్ మీద కాఫీ రాదు. నిన్నటి టోకెన్ ఇవాళ చెల్లకూడదు కాబట్టి మాస్టరు గడియారమూ కౌంటర్ గడియారమూ కలవాలి. ఇంకో సంగతి: టోకెన్ తీసుకున్నది మీరే అయినా దోసె తెమ్మని తమ్ముణ్ణి పంపితే, ఆ టోకెన్ వాడి చేతిలో ఉండాలి. లినక్స్ డెస్క్‌టాప్‌ల మీద నేను చూసిన తలనొప్పుల్లో సగానికి పైగా ఈ తమ్ముడి వ్యవహారమే. జనం మాత్రం పాస్‌వర్డ్ మార్చి చూస్తారు.

పాస్‌వర్డ్ పెట్టె చెప్పే అబద్ధం

ఫోల్డర్ నొక్కినప్పుడు పాస్‌వర్డ్ పెట్టె వచ్చిందంటే పాస్‌వర్డ్ తప్పిందని అర్థం కాదు. ఫైల్ మేనేజర్ ముందు కెర్బరోస్‌తో ప్రయత్నించింది, కుదరలేదు, ఎన్‌టీఎల్ఎం అనే పాత పద్ధతికి దిగింది. ఎందుకు కుదరలేదో చెప్పదు, పెట్టె చూపించి ఊరుకుంటుంది. ఆ మర్యాదే మన కొంప ముంచుతుంది. యూజర్ పాస్‌వర్డ్ కొట్టి, కింద 'ఎప్పటికీ గుర్తుపెట్టుకో' అనే గడిలో టిక్ పెడతాడు. ఫోల్డర్ తెరుచుకుంటుంది, అందరికీ సంతోషం. అసలు జబ్బు లోపలే ఉంటుంది.

యాక్టివ్ డైరెక్టరీలో ఏమీ మార్చకపోతే పాస్‌వర్డ్‌కి 42 రోజుల ఆయుష్షు. నలభై మూడో రోజు యూజర్ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంటాడు. గుర్తుపెట్టుకున్న పాతది మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది, సర్వర్‌కి తప్పు పాస్‌వర్డ్ పంపుతూ. ఇన్ని తప్పులకి అకౌంట్ లాక్ చెయ్యి అని నియమం పెట్టుకున్న ఆఫీసైతే, పాస్‌వర్డ్ మరికొన్నిసార్లు మారాక ఆ మనిషి ఒకరోజు ఉదయాన్నే వచ్చి లాగిన్ కూడా కాలేడు. 'ఎవరో నా అకౌంట్ హ్యాక్ చేశారు' అని టెన్షన్ పడిపోయిన వాళ్ళని చూశాను. హ్యాక్ చేసింది ఆయన ఎప్పుడో నెలల కిందట పెట్టిన టిక్కే. అందుకే ఇలాంటి కంప్లయింట్ వస్తే నేను మొదట 'పాస్‌వర్డ్స్ అండ్ కీస్' అనే యాప్ తెరిచి ఆ సర్వర్ పేరుతో దాచినవన్నీ తీసేస్తాను. నొప్పి మాత్ర ఆపితేగానీ నొప్పి ఎక్కడో తెలియదు. పైగా మైక్రోసాఫ్ట్ 2024 జూన్‌లో ఎన్‌టీఎల్ఎంని ఇక అభివృద్ధి చేయబోమని ప్రకటించింది. దాని మీద ఆధారపడి రోజులు గడపడం మంచిది కాదు.

కార్డు ఉందా, ఇంకా చెల్లుతుందా

యూజర్ సీట్లో, యూజర్ లాగిన్‌లోనే టెర్మినల్ తెరిచి కేలిస్ట్ (klist) అని కొట్టాలి. దాని ముందు సుడో పెట్టకూడదు. సుడో పెడితే రూట్ అనే సర్వాధికార యూజర్ జేబు వెతికినట్టు అవుతుంది, అందులో ఏమీ ఉండదు. కెఆర్‌బీటీజీటీ అని మొదలయ్యే వరుస కనిపిస్తే రోజు కార్డు ఉన్నట్టు. ఎప్పుడు ఇచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది, ఎప్పటిదాకా పొడిగించుకోవచ్చు అనేవి పక్కనే ఉంటాయి.

అసలు కార్డే లేకపోతే, లాగిన్ సమయంలో పాస్‌వర్డ్ డొమైన్ కంట్రోలర్ దాకా వెళ్ళలేదన్నమాట. ఆటోమేటిక్ లాగిన్ పెట్టిన కంప్యూటర్లో ఎవరూ పాస్‌వర్డ్ కొట్టరు, కాబట్టి కార్డు రాదు. వేలిముద్రతో లాగిన్ అయినా అంతే. ల్యాప్‌టాప్‌ల సంగతి ఇంకోరకం. వైఫై అందకముందే లాగిన్ అయితే, ఉబుంటులో డొమైన్ లాగిన్లు చూసుకునే ఎస్ఎస్ఎస్‌డీ అనే సర్వీస్ తన దగ్గర దాచుకున్న పాస్‌వర్డ్ గుర్తుతో సరిచూసి లోపలికి పంపేస్తుంది. డెస్క్‌టాప్ వస్తుంది, కార్డు మాత్రం రాదు. దీనికి ఎస్ఎస్ఎస్‌డీలోనే ఒక సెట్టింగ్ ఉంది: ఆఫ్‌లైన్‌లో కొట్టిన పాస్‌వర్డ్‌ని కాసేపు గుర్తుపెట్టుకుని, నెట్‌వర్క్ దొరకగానే దానితో కార్డు తెచ్చేస్తుంది. రియల్మ్ జాయిన్ కమాండ్‌తో డొమైన్‌లో చేర్చిన కంప్యూటర్లలో అది మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, చేతితో సెటప్ చేసినవాటిలో చూసుకోవాలి. ఇంకో చిన్న బోల్తా: ఉబుంటు వేసేటప్పుడు తయారుచేసిన లోకల్ యూజర్ పేరూ డొమైన్ యూజర్ పేరూ ఒకటే అయితే, మనిషి లోకల్ అకౌంట్లోకి వెళ్ళి డొమైన్లో ఉన్నాననుకుంటాడు.

ఇక గడువు. యాక్టివ్ డైరెక్టరీ ఇచ్చే కార్డుకి మామూలుగా 10 గంటల ఆయుష్షు, అడిగి తెచ్చుకుంటే 7 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. క్యాషియర్ గారు ఎనిమిదిన్నరకి లాగిన్ అవుతారు, సాయంత్రం ఆరున్నరకి కార్డు చచ్చిపోతుంది. చలికాలంలో ఆరింటికే ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు కాబట్టి ఎవరికీ తెలియలేదు. కుర్రాడి టీ సంగతీ ఇక్కడే తేలింది. లాక్ చేసిన స్క్రీన్ తెరవడానికి పాస్‌వర్డ్ కొట్టిన ప్రతిసారీ ఎస్ఎస్ఎస్‌డీ దాన్ని డొమైన్ కంట్రోలర్‌కి చూపించి కొత్త కార్డు తెస్తుంది. వాడు తెలియకుండానే రోజుకి నాలుగు కార్డులు మారుస్తున్నాడు.

క్యాషియర్ గారిని టీ తాగమని చెప్పడం ఒక పరిష్కారం. రెండోది ఎస్ఎస్ఎస్‌డీకే ఆ పని అప్పజెప్పడం. దాని కాన్ఫిగ్ ఫైల్లో డొమైన్ భాగం కింద పొడిగింపు ఆయుష్షు 7 రోజులనీ, గంటకోసారి చూసుకోమనీ రెండు వరుసలు రాయాలి. రాయకపోతే తనంతట తాను పొడిగించదు. రాశాక సగం గడువు దాటిన కార్డుని అదే పొడిగిస్తుంటుంది. ఒక షరతు మాత్రం ఉంది: లాగిన్ సమయంలో తాను తెచ్చిన కార్డుల బాధ్యతే తీసుకుంటుంది. మీరు టెర్మినల్లో కినిట్ కొట్టి చేతితో తెచ్చుకున్నదాన్ని పట్టించుకోదు.

అడ్రసు కాదు, పేరు కావాలి

బ్రాడీపేటలో అడ్రసు అంకెల్లో చెప్పుకుంటాం. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటో అతనికి అది చాలు. కానీ రిజిస్టర్డ్ పోస్టు 4/14కి రాదు, మనిషి పేరుమీద వస్తుంది. టోకెన్ కూడా అంతే. ఫైల్ సర్వర్ కోసం అడిగే టోకెన్ మీద ఫైల్ షేరింగ్‌కి గుర్తుగా సిఐఎఫ్ఎస్ అనీ, పక్కన సర్వర్ పూర్తి పేరూ ఉంటాయి. డొమైన్ కంట్రోలర్ తన పుస్తకంలో ఆ పేరు వెతికి, ఆ సర్వర్ ముద్ర వేసి ఇస్తుంది. ఫైల్ మేనేజర్లో 192.168తో మొదలయ్యే ఐపీ కొడితే ఆ అంకె పుస్తకంలో ఉండదు. సర్వర్ దొరుకుతుంది, దారి తెరిచే ఉంటుంది, టోకెన్ మాత్రం పుట్టదు. 'పేరుతో రావడం లేదు సార్, ఐపీతో అయితే వస్తోంది' అని గర్వంగా చెప్పేవాళ్ళున్నారు. ఐపీతో వస్తున్నది ఎన్‌టీఎల్ఎం, సింగిల్ సైన్ ఆన్ కాదు.

పాత సర్వర్ పోయి కొత్తది వచ్చినప్పుడు అందరి బుక్‌మార్కులూ మార్చలేక, ఏ పేరుకి ఏ ఐపీయో చెప్పే డీఎన్ఎస్‌లో పాత పేరుని కొత్త సర్వర్‌కి మారుపేరుగా పెడతారు. కొన్ని ప్రోగ్రాములు మారుపేరు వెనకున్న అసలు పేరు కనుక్కుని దాని టోకెన్ అడుగుతాయి, కొన్ని మీరు కొట్టిన పేరుతోనే అడుగుతాయి. అందుకే ఒకే కంప్యూటర్లో ఒక దారిన తెరుచుకున్న ఫోల్డర్ ఇంకో దారిన తెరుచుకోదు. ఆ మారుపేరుని కూడా విండోస్ సర్వర్లో ఎస్‌పీఎన్‌గా, అంటే టోకెన్ ఇవ్వదగిన పేరుగా నమోదు చేస్తే గొడవ వదిలిపోతుంది. దీనికి తిరగేసిన చిక్కు ఒకటుంది. కొన్నిసార్లు కెర్బరోస్ లైబ్రరీ పేరు నుంచి ఐపీ, ఐపీ నుంచి మళ్ళీ పేరు వెతుకుతుంది. ఆ రివర్స్ జాబితాలో ఎప్పుడో తీసేసిన సర్వర్ పేరు మిగిలిపోయి ఉంటే, దాని పేరుమీద టోకెన్ అడుగుతుంది. కెర్బరోస్ కాన్ఫిగ్ ఫైల్లో ఆర్‌డీఎన్ఎస్ ఫాల్స్ అని ఒక వరుస పెడితే ఆ అలవాటు మానుతుంది. ఫెడోరా అనే ఇంకో రకం లినక్స్‌లో అది ముందే ఉంటుంది, ఉబుంటులో మనమే రాయాలి.

డీఎన్ఎస్ గురించి ఎంత రాసినా తరగదు, రెండు మాటలతో వదిలేస్తాను. డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందో కంప్యూటర్లు డీఎన్ఎస్‌లోని ఎస్ఆర్‌వీ రికార్డుల ద్వారా తెలుసుకుంటాయి. ఇంటర్నెట్ బాగా రావడం లేదని ఎవరో రౌటర్లో డీఎన్ఎస్‌ని గూగుల్ వాళ్ళ 8.8.8.8కి మారుస్తారు. గూగుల్‌కి మన బ్రాడీపేట ఆఫీసు డొమైన్ ఎక్కడ తెలుస్తుంది? రెండో మాట, చిన్న ఆఫీసుల్లో డొమైన్ పేరు చివర డాట్ లోకల్ అని పెట్టే అలవాటుంది. లినక్స్‌లో ఆ తోకని అవాహీ అనే సర్వీస్ తనదనుకుంటుంది, డీఎన్ఎస్‌ని అడగకుండానే 'లేదు' అని చెప్పేయగలదు. ఎన్ఎస్‌స్విచ్ ఫైల్లో హోస్ట్స్ అనే వరుసలో డీఎన్ఎస్‌ని దానికంటే ముందుకి జరపాలి.

పేరు పక్షం బాగుందో లేదో ఒక్క కమాండ్‌తో తేల్చుకోవచ్చు. కేవీఎన్ఓ (kvno) అని కొట్టి, సిఐఎఫ్ఎస్ (cifs), వాలు గీత (/), సర్వర్ పూర్తి పేరు ఇవ్వాలి. అది ఫోల్డర్ జోలికి పోదు, టోకెన్ మాత్రమే అడుగుతుంది. అంకె ఒకటి తిరిగొస్తే పేరూ గడియారమూ బాగున్నట్టే, ఇక తమ్ముడి సంగతి చూడాలి. 'సర్వర్ నాట్ ఫౌండ్ ఇన్ కెర్బరోస్ డేటాబేస్' అంటే పేరు తేడా. 'క్లాక్ స్క్యూ టూ గ్రేట్' అంటే గడియారం తేడా.

గడియారం విషయంలో సాధారణంగా 5 నిమిషాల తేడా దాకా ఓర్చుకుంటుంది. కరెంటు పోయినప్పుడల్లా వెనక్కి పోయే కంప్యూటర్‌కి మదర్‌బోర్డ్ మీది బటన్ సెల్ అయిపోయి ఉంటుంది, అది వెంటనే తెలిసిపోతుంది. తెలియనిది ఐదున్నర గంటల తేడా. కెర్బరోస్ లెక్కపెట్టేది గ్రీన్విచ్ సమయం. టైమ్ జోన్ తప్పుగా ఉన్న కంప్యూటర్లో గంటలు తేడాగా కనిపిస్తున్నాయని ఎవరో చేత్తో ముల్లు తిప్పారనుకోండి. గోడ గడియారంతో స్క్రీన్ కలిసిపోతుంది, లోపలి సమయం 5 గంటల 30 నిమిషాలు తప్పుతుంది. ఒకే కంప్యూటర్లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నా ఇదే వస్తుంది: హార్డ్‌వేర్ గడియారంలో ఉన్నది మన సమయమని విండోస్, గ్రీన్విచ్ సమయమని ఉబుంటు అనుకుంటాయి. టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొడితే రెండు సమయాలూ వరుసగా కనిపిస్తాయి. కళ్ళతో గోడవైపు చూసి 'టైమ్ కరెక్టే సార్' అంటే నేను నమ్మడం మానేశాను.

టోకెన్ ఎవరి చేతిలో ఉంది

ఇప్పుడు తమ్ముడి దగ్గరకి వద్దాం. విండోస్‌లో లాగిన్ చేసే భాగమూ ఫోల్డర్ తెరిచే భాగమూ ఒకే ఇంటివాళ్ళు, టికెట్లు ఒకే బీరువాలో ఉంటాయి. లినక్స్‌లో ఎవరి వంట వాళ్ళది. ఒక నెట్‌వర్క్ ఫోల్డర్‌కి కనీసం రెండు దారులున్నాయి, రెండింట్లో వెళ్ళే మనుషులు వేరు.

ఫైల్ మేనేజర్లో ఎస్ఎంబీ (విండోస్ షేర్డ్ ఫోల్డర్లు మాట్లాడే భాష) అని మొదలుపెట్టి సర్వర్ పేరు కొడితే, ఆ పని చేసేది మీ సెషన్‌లోనే నడిచే జీవీఎఫ్ఎస్. అది సాంబా వాళ్ళ లైబ్రరీతో మాట్లాడుతుంది. సాంబా అంటే మన సాంబయ్య కాదు. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది, ఎస్, ఎం, బీ అక్షరాలు ఆ వరుసలో వచ్చే మాట కోసం వెతికి ఆ పేరు పెట్టాడు. ఈ దారిలో వెళ్ళేది మీ యూజరే కాబట్టి మీ జేబు సులువుగానే దొరుకుతుంది.

రెండో దారి ఫోల్డర్ని సిస్టమ్‌కి తగిలించే మౌంట్ కమాండ్, లేదా అదే పని రాసిపెట్టే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలు. ఇక్కడ ఫోల్డర్ తెరిచేది లినక్స్‌కి గుండెలాంటి కెర్నెల్. కెర్నెల్‌కి కెర్బరోస్ తెలియదు, సిఐఎఫ్ఎస్ అప్‌కాల్ అనే చిన్న సహాయకుణ్ణి పిలిచి టోకెన్ తెమ్మంటుంది. ఆ సహాయకుడు రూట్‌గా మొదలవుతాడు. సుడో మౌంట్ అని మీరు కొట్టారు కాబట్టి అడిగింది కూడా రూటే. రూట్ జేబులో కార్డు లేదు, మీ జేబులో ఉంది. అప్పుడు వచ్చేదే మౌంట్ ఎర్రర్ 126, కావలసిన కీ దొరకలేదని. ఈ అంకె చూసి పాస్‌వర్డ్ మార్చిన వాళ్ళని నేనెరుగుదును. సీఆర్‌యూఐడీ అనే ఆప్షన్‌తో ఫలానా యూజర్ జేబు వెతుకు అని చెబితే పని జరుగుతుంది, దాంతోపాటు సెక్ అనే ఆప్షన్‌కి కెఆర్‌బీ5 అని ఇవ్వాలి. కొన్నిసార్లు ఆ సహాయకుడే ఉండడు. కీయుటిల్స్ అనే ప్యాకేజీ లేకపోతే కెర్నెల్ పిలిచినా పలికేవాడు లేక అదే 126 వస్తుంది. నేను ముందు ఆ ప్యాకేజీ ఉందో లేదో చూస్తాను, అర నిమిషం పని.

జేబులు కూడా ఒకటి కాదు. కార్డు ఒక కంప్యూటర్లో టెంప్ ఫోల్డర్లో ఫైలుగా ఉంటుంది, ఇంకోదాంట్లో కెర్నెల్ కీరింగ్‌లో, ఫెడోరాలో కేసీఎం అనే సర్వీస్ దగ్గర. ఎస్ఎస్ఎస్‌డీ తెచ్చిన ఫైలు పేరు చివర గజిబిజి అక్షరాలుంటాయి, దాని చిరునామా కెఆర్‌బీ5సీసీనేమ్ అనే వేరియబుల్‌లో ఉంటుంది. ఆ వేరియబుల్ లేని చోట, అంటే టైముకి దానంతట అదే నడిచే క్రాన్ పనిలోనో, ఎస్‌యూ కమాండ్‌తో ఇంకో యూజర్‌గా మారిన సెషన్‌లోనో కినిట్ కొడితే ఇంకో ఫైలు పుడుతుంది. చొక్కా జేబులో కొత్త కార్డు, ప్యాంటు జేబులో గడువు తీరిన కార్డు. కేలిస్ట్ చొక్కా జేబు చూపిస్తుంది, ఫైల్ మేనేజర్ ప్యాంటు జేబు తడుముతుంది. 'కార్డు ఉంది సార్, అయినా అడుగుతోంది' అనే మాట వినపడగానే నేను కేలిస్ట్ మొదటి వరుస చదవమంటాను. కార్డు ఏ జేబులో ఉందో అక్కడే రాసి ఉంటుంది.

ఉబుంటులో స్నాప్ అనే విడి ప్యాకేజీ రూపంలో వచ్చే యాప్‌లది ఇంకో ఇల్లు. వాటికి సొంత టెంప్ ఫోల్డర్ ఉంటుంది, మన టెంప్‌లోని కార్డు వాటికి కనపడదు. ఫైల్ మేనేజర్లో తెరుచుకున్న ఫోల్డర్ లోపలి ఫైలు ఒక్క యాప్‌లోనే తెరుచుకోకపోతే ఆ యాప్ ఎక్కడి నుంచి ఇన్‌స్టాల్ చేశారో అడగండి. ఈ ఆఫీసులో ఇద్దరికి లిబ్రేఆఫీస్ స్నాప్ తీసేసి మామూలు ప్యాకేజీ వేశాను, అంతే.

బూట్ సమయంలోనే ఫోల్డర్ ఎక్కాలని కోరుకునేవాళ్ళకి ఒక మాట. ఆ సమయానికి ఏ మనిషీ లాగిన్ కాలేదు, ఎవరి జేబులోనూ కార్డు లేదు. డొమైన్‌లో చేరినప్పుడు కంప్యూటర్‌కి కూడా సొంత అకౌంట్, కీట్యాబ్ అనే ఫైల్లో సొంత తాళం వస్తాయి. దానితో మౌంట్ చేసి మల్టీయూజర్ ఆప్షన్ పెడితే, ఆ తరువాత లోపలికి వెళ్ళే ప్రతి మనిషికీ వాళ్ళ వాళ్ళ టోకెనే అడుగుతుంది. ఒకే కంప్యూటర్ని షిఫ్టుల్లో ఇద్దరు ముగ్గురు వాడేచోట ఇదే సరైన పద్ధతి. దీన్ని కాదని పాస్‌వర్డ్‌ని ఒక ఫైల్లో రాసి రూట్‌కి అప్పజెప్పే పద్ధతి కూడా పనిచేస్తుంది. ఎవరు ఏ ఫైలు మార్చారో అని ఎప్పుడైనా చూడాల్సి వస్తే అన్నిచోట్లా ఒకే పేరు కనిపిస్తుంది.

ఇంతా చేసి లోపలికి వెళ్ళాక ఒక ఫోల్డర్లో 'అనుమతి లేదు' అని వస్తే, దానికీ కెర్బరోస్‌కీ సంబంధం లేదు. మీరెవరో సర్వర్‌కి తెలిసింది, తెలిసే వద్దంటోంది. అది సర్వర్ మీద పర్మిషన్లు చూడాల్సిన పని. ఎటూ తేలనప్పుడు మాత్రం కెఆర్‌బీ5_ట్రేస్ అనే వేరియబుల్‌ని స్క్రీన్ వైపు తిప్పి కేవీఎన్ఓ కొడితే, లైబ్రరీ ఏ పేరు అడిగింది, ఏ కంట్రోలర్ దగ్గరకి 88వ పోర్టులో వెళ్ళింది, ఏ జేబు తెరిచింది అన్నీ వరుసగా రాస్తుంది. చదవడానికి ఓపిక కావాలి, కానీ అబద్ధం చెప్పదు.

పాత నాస్ పెట్టె సంగతి మిగిలింది. అది డొమైన్‌లో లేదు. డొమైన్ కంట్రోలర్ పుస్తకంలో దాని పేరే లేదు కాబట్టి దానికి టోకెన్ పుట్టదు, పాస్‌వర్డ్ అడగడం దాని తప్పు కాదు. డొమైన్‌లో చేర్చబోయాను. దాని ఫర్మ్‌వేర్‌కి ఆర్‌సీ4 అనే పాత ఎన్‌క్రిప్షన్ తప్ప కొత్త ఏఈఎస్ రాదు. ఎస్ఎంబీలో కూడా మొదటి వెర్షనే మాట్లాడుతుంది. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఆ మొదటి వెర్షన్‌లోని లోపం పట్టుకునే. ఆ ఏడాదే లినక్స్ కెర్నెల్ 4.13తో మౌంట్ చేసేటప్పుడు దాన్ని తనంతట తాను వాడటం మానేసింది. ఒక పెట్టె కోసం పదహారు డెస్క్‌టాప్‌లలో దాన్ని మళ్ళీ తెరవడానికి నాకు మనసొప్పలేదు. అందులో ఉన్నవి పాత బాండ్ల స్కాన్లే, ట్యాలీ నడిచే రెండు కంప్యూటర్లలో ఒకదాని నుంచి ఎప్పుడో ఒకసారి చూసుకుంటే చాలు.

"అయితే అది మాత్రం అడుగుతూనే ఉంటుందా?" అన్నారు క్యాషియర్ గారు. యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చాక స్కాన్లన్నీ సర్వర్ మీదకి ఎక్కించి పెట్టె తీసేద్దామన్నాను. ఆయన కంప్యూటర్లో పొడిగింపు వరుసలు రాసి, ఎస్ఎస్ఎస్‌డీని మళ్ళీ స్టార్ట్ చేసి, ఒకసారి లాగౌట్ అయి రమ్మన్నాను. ఆ రోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే కేలిస్ట్‌లో గడువు తెల్లవారుజాము దాకా చూపిస్తోందని చదివి వినిపించారు. వెనక నుంచి కుర్రాడి గొంతు వినిపించింది, టీకి వస్తారా అని అడుగుతున్నాడు.